మొలగొలుకుల నేలకు అరువు విత్తనమా?

2025వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున నెట్‌ఫ్లిక్స్ అను అమెరికా కంపెనీవారు ముంబయి నగరమున వేదిక వేసి, తాము మన దేశమునకు చూపబోవు చిత్రముల పట్టికను, సిరీసుల పట్టికను మిక్కిలి యార్భాటముగ ప్రకటించిరి. అందు ‘సూపర్ సుబ్బు’ అను నొక తెలుగు సిరీస్ కలదు. దర్శకుడు మల్లిక్ రామ్, నాయకుడు సందీప్ కిషన్. తెలుగున తాము నిర్మించు మొట్టమొదటి సిరీస్ ఇదియే యని కంపెనీవారే సగర్వముగ చాటుకొనిరి. ఆ గర్వమును చూచి మేము కొంత నవ్వుకొంటిమి, కొంత నొచ్చుకొంటిమి. ఈ కంపెనీ మన దేశమున దుకాణము తెరచినది 2016 జనవరిలో. హిందీవారికి ‘సేక్రెడ్ గేమ్స్’ 2018 జులైలోనే అందినది. 2021లో ‘పిట్ట కథలు’ అని నాలుగు చిన్నకథల కూర్పొకటి తెలుగున వచ్చిన మాట నిజమే గాని, అది సిరీస్ గాదు. తెలుగువాని వంతు ప్రకటింపబడుటకే తొమ్మిదేండ్లు పట్టినది. తొమ్మిదేండ్లు చందా పుచ్చుకొని తొలి విస్తరి వేయుచున్నానని చెప్పువాడు సిగ్గుపడవలసినదా, డప్పు కొట్టించుకొనవలసినదా?

అల్లూరివంటి యూళ్లలో దీనికేమి పని యని కొందరనవచ్చును. పని కలదు. నేడు పొలముగట్టున, రొయ్యలగుంటవద్ద, బస్సులో, పఠనమందిరపు వసారాలో గూడ జనులు చేతనున్న ఫోనులో కథలు చూచుచున్నారు. వెనుక నాటకసమాజము వచ్చుచున్నదన్న నెట్లు ఎదురుచూచెడివారో, నేడు ‘రాబోవు సిరీస్ ఏది?’ యని యట్లే యెదురుచూచుచున్నారు. ఈ యెదురుచూపు చిన్నది గాదు. ఒక జాతి దేనికొరకు ఎదురుచూచుచున్నదో తెలిసినయెడల ఆ జాతి తన్ను గూర్చి తానేమనుకొనుచున్నదో తెలియును. కాని మన యెదురుచూపుల పట్టికను వ్రాయుచున్నవారు మనవారు గారు. ముంబయిలోను, అంతకు పైన కాలిఫోర్నియాలోను కూర్చున్నవారు వ్రాసి పంపుచున్నారు. మన పత్రికలు గూడ ఆ పట్టికనే ‘ఈ యేడు తప్పక చూడవలసినవి’ యని పునర్ముద్రణము చేయుచున్నవి. అందు పది పేరులున్న, తెలుగుది యొకటి యుండుట గగనము.

‘తెలుగు డబ్బింగు ఉన్నది గదా, ఇంకేమి కొరత?’ యని యడుగు పెద్దమనుష్యులు కలరు. వారికి ‘రానా నాయుడు’ను చూపెదము. 2023 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌వారు దీనిని విడుదల చేసిరి. నటించినవారు వెంకటేశ్, రానా. కారంచేడునుండి బయలుదేరి 1964లో సురేశ్ ప్రొడక్షన్సు స్థాపించిన డి. రామానాయుడుగారి కుమారుడొకరు, మనుమడొకరు. తెలుగుదేశమంతయు ఎరిగిన ముఖములు. మరి సిరీస్ యేమి? పేరు నాయుడు, ఊరు ముంబయి, మాట హిందీ, కథ ‘రే డోనోవన్’ అను అమెరికా సిరీసునుండి తెచ్చినది. మన యింటి బిడ్డలు పరభాషలో నటించిన మాటలను మరల మనకే తెలుగుచేసి వినిపించిరి. విన్నవారు బూతులు భరింపలేకున్నామని మొరపెట్టిరి. బూతుల మాట అటుండనిండు. ఆ తెలుగు ఏ యూరి తెలుగు? పెదవుల కదలికకు సరిపెట్టుటకై పుట్టిన ఆ పలుకు శ్రీకాకుళమువాడు మాటలాడడు, పాలమూరువాడు మాటలాడడు. ‘ఏంది అబ్బయ్యా’ యని పలుకరించు నెల్లూరివాడు అసలే మాటలాడడు. తన యింటి మాట వినబడని కథలో మనుష్యుడు ఎంతసేపు కూర్చున్నను అతిథియే.

నష్టము పరాయి కంపెనీలవలననే వచ్చుచున్నదనుట న్యాయము గాదు. మనవారిని గూర్చియు చెప్పవలసినది చాల యున్నది. 2025 జనవరిలో ప్రైమ్ వీడియోవారు ‘సివరపల్లి’ అను సిరీసును విడిచిరి. పట్టణపు కుర్రవాడు పల్లెకు పంచాయతీ కార్యదర్శిగ వచ్చుట అందలి కథ. చక్కగ నటించిరి, తెలంగాణపు యాస హాయిగ నున్నది. కాని యది 2020లో హిందీలో వచ్చిన ‘పంచాయత్’కు మారురూపు. ఉత్తరప్రదేశపు ఫులేరా యను కల్పిత గ్రామమే పేరు మార్చుకొని మన యింటికి వచ్చినది. పల్లెటూరి కథకు గూడ మనము ఉత్తరాదినుండి విత్తనము తెచ్చుకొనవలెనా? నెల్లూరిసీమ మొలగొలుకులకు ప్రసిద్ధి కెక్కిన నేల. ఇక్కడి రైతునకు ‘నీ పొలములో నారు మొలవదు, పొరుగుదేశపు మొలక తెచ్చి నాటుకొను’మని యెవడైన చెప్పిన ముల్లుగర్రతో సమాధానము చెప్పును. కథలవద్దకు వచ్చునప్పటికి మన నిర్మాతలకు ఆ పౌరుషమేమైనది?

పేరులు చూడుడు. ‘లూజర్’, ‘లాక్డ్’, ‘సిన్’, ‘లెవెన్త్ అవర్’, ‘న్యూసెన్స్’, ‘సేవ్ ది టైగర్స్’, ‘బెంచ్ లైఫ్’, ‘మోడరన్ లవ్ హైదరాబాద్’. ఇవన్నియు తెలుగు సిరీసులే! అచ్చముగ తెలుగుకొరకే యని 2020లో పుట్టిన ‘ఆహా’ సంస్థ సయితము తన బిడ్డలకు ఇట్టి పేరులే పెట్టినది. బారసాలనాడే బిడ్డకు పరాయి పేరు పెట్టినవారు పెరిగి పెద్దయైన పిదప వాడు ఇంటిమాట వినుటలేదని వగచుట యెందులకు? లోపలి సరకు మాత్రము పేరులంత వైవిధ్యము గలది గాదు. ఒక శవము, ఒక పోలీసు, ఆ పోలీసు గుండెలో నొక పాత గాయము, కడపటి భాగమున తరువాయికై యొక గాలము. తెలుగుదేశమున హత్యలు తప్ప మరేమియు జరుగుట లేదని పరదేశస్థుడు భ్రమపడగలడు.

ప్రజలు అదియే యడుగుచున్నారని నిర్మాతల వాదము. ఈ వాదమును 2024 జనవరిలో ఈటీవీ విన్ వారి సిరీసొకటి తలక్రిందులు చేసినది. దాని పేరును ఇంగ్లీషే, ‘నైంటీస్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’. కాని ఆదిత్య హాసన్ తీసిన ఆ కథలో శవము లేదు, తుపాకి లేదు. ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పు నొక పంతులు, ఆయన భార్య, చదువుకొను ముగ్గురు పిల్లలు, నెలాఖరున చాలని జీతము. పంతులు వేషము శివాజీ వేసెను. ఇంటింట తల్లిదండ్రులు పిల్లలతో గూర్చుండి చూచి, తమ యింటి గోడకు అద్దము పెట్టినట్లున్నదని సంతోషించిరి. పెద్ద కంపెనీలు కోట్లు క్రుమ్మరించి కొనలేని యెదురుచూపును ఒక బడిపంతులు సంసారము సంపాదించుకొనినది. 2025 ఆగస్టులో సోనీలివ్‌లో వచ్చిన దేవ కట్టా ‘మయసభ’ మరియొక తార్కాణము. స్నేహితులై, పిదప రాజకీయ ప్రత్యర్థులైన యిద్దరి కథ. పేరులు కల్పితములైనను ఛాయలు మనకు తెలియనివి గావు. అందలి తీర్పులతో అందరును ఏకీభవింప నక్కరలేదు. మేమును అన్నింట ఏకీభవింపము. కాని మన చరిత్రను గూర్చి మనము మన భాషలో పోట్లాడుకొనుటకు అవకాశమిచ్చినది. అట్టి పోట్లాట ఆరోగ్యము.

చిన్న జాతులు మనకు బుద్ధి చెప్పుచున్నవి. డెన్మార్కు జనసంఖ్య 60 లక్షలు. ఆ దేశపు ప్రభుత్వ ప్రసారసంస్థ 2010లో ‘బోర్గెన్’ అను సిరీసును డేనిష్ భాషలో, తమ పార్లమెంటు వసారాలలో జరుగు సంగతులను గూర్చి తీసినది. లోకమంతయు క్రింద అక్షరములు చదువుకొనుచు చూచినది. ఐస్‌లాండు ఇంకను చిన్నది. 2011 జనాభా లెక్కలలో మన నెల్లూరు జిల్లా జనము 29 లక్షలకు మించగా, ఆ దేశమంతటిలోను నాలుగు లక్షలు లేరు. వారు 2015లో మంచు కమ్మి దారులు మూసుకొనిపోయిన యొక చిన్న రేవుపట్టణమును తీసికొని తమ భాషలో సిరీస్ తీసి విదేశములకు అమ్మిరి. కొరియావారి ‘స్క్విడ్ గేమ్’ సంగతి అందరికి తెలిసినదే. మన పొరుగున తమిళులు 2022లో ‘సుళల్’ తీసినప్పుడు నేరకథనే యెన్నుకొనినను, దానిని తమ పల్లెల మయానకొల్లై జాతరలో పాతిరి. ఆ మట్టివాసన కథ కంతటికి పట్టినది. వారెవ్వరును ‘మా యూరు చిన్నది, మా మాట లోకమునకు తెలియ’దని వెనుదీయలేదు. మనము 2011 లెక్కలలోనే 8 కోట్ల 11 లక్షల మందిమి!

మనకు కథలు లేవా? ఈ జిల్లాలోనే చూడుడు. 1991లో నెల్లూరు జిల్లాయందు అక్షరాస్యతోద్యమము నడిచినది. రాత్రులు దీపము ముందు గూర్చుండి అక్షరములు దిద్దుకొను కూలి స్త్రీలకు వాచకములో ‘సీతమ్మ కథ’ అని సారాయిని గూర్చిన పాఠమొకటి వచ్చినది. చదివిరి. చదివి ఊరకుండలేదు. దూబగుంట యను పల్లెలో, రోశమ్మ మొదలగు స్త్రీలు సారాయి అంగడిమీదికి నడచిరి. ఆ పల్లె సంగతి మరల పాఠమై యితర పల్లెలకు పోయినది. 1992లో జిల్లాయంతట ఆడువారు సారాయి వేలములను అడ్డుకొనిరి. వేలములు మాటిమాటికి వాయిదాపడెను. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడినది. 1994 డిసెంబరులో అధికారమునకు వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వము 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధమును అమలుపరచినది. 1997లో దానిని సడలించుటయు ఆ కథలోని భాగమే. ఆ విషాదమును విడిచి విజయమును మాత్రమే చెప్పుట కథకు ద్రోహము.

దీనిలో లేనిదేమి? పల్లె కలదు, రాజధాని కలదు. కూలిడబ్బులు తాగివచ్చి తలుపు తట్టు భర్త కలడు, లోపల గడియ వేసికొనిన భార్య కలదు. సారాయి కాంట్రాక్టరు, అతని కూలిమూక, రెండు పక్షములకు నడుమ నలుగు ఉద్యోగి కలరు. అన్నిటికంటె విశేషము, వాచకములోని యొక చిన్న కథ ఒక ప్రభుత్వపు ఖజానాను గడగడలాడించుట. ఎనిమిది భాగములు చాలవు. రెండు ఋతువులు పట్టును. తూటా లేకుండ ఉత్కంఠ పుట్టదనువారు, వేలము జరుగవలసిన ఉదయమున ఆ కచ్చేరి వాకిట గుమిగూడిన స్త్రీలను తలచుకొనవలెను.

శ్రీహరికోట మాట మరియొకటి. 2022లో సోనీలివ్‌వారు హోమీ భాభా, విక్రమ్ సారాభాయిలను గూర్చి ‘రాకెట్ బాయ్స్’ తీసిరి. మంచి పని, హిందీలో చేసిరి. శ్రీహరికోటను 1969లో ఎన్నుకొనిరి. 1971 అక్టోబరులో తొలి రాకెట్టు ఎగిరినది. 1979 ఆగస్టులో ఎస్.ఎల్.వి-3 కూలినది, 1980 జులైలో అదియే నింగికెక్కినది. నేడు ఆ దీవి తిరుపతి జిల్లాలోనికి పోయినను, నెల్లూరు తీరపు జనులు ఆ నిప్పుతోకను తమదిగనే చూచుచున్నారు. ఆ ప్రయోగముల కొరకు తరతరముల అడవిని, వేటను విడిచి లేచిపోవలసి వచ్చిన యానాదుల సంగతి యెవరు చెప్పవలెను? శాస్త్రజ్ఞుని యానందమును, యానాది దుఃఖమును ఒక్క కథలో పట్టగలవాడు వచ్చిననాడు మేము రాత్రి నిద్ర మాని చూచెదము. ఇక 1876-78 కరవులో కూలీల చెమటతో సాగి, గవర్నరు పేరు తగిలించుకొనిన బకింగుహాము కాలువ మన తీరము వెంటనే యున్నది. ఉప్పు, కట్టెలు వేసికొని చెన్నపట్టణమునకు పోయిన పడవలవారి బ్రదుకు దానికదియే యొక గ్రంథము.

మేము సెన్సారును పిలుచుట లేదు. బూతులకు విరుగుడు పోలీసువాడనువారితో మేము కలియము. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము వయస్సునుబట్టి గుర్తులు వేయుచున్నారు. ఆ గుర్తును చూచి రిమోటు త్రిప్పుకొనుట తల్లిదండ్రుల పని. కత్తెర పట్టినవాడు నేడు బూతును కోసి, రేపు దూబగుంటను కోయును. మాకు కావలసినది కోత గాదు, నాటు.

ఖర్చు మాట యెత్తువారికి లెక్క చెప్పెదము. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌వారు ఫోనులో చూచువారి నెలచందాను 199 నుండి 149 రూపాయలకు తగ్గించిరి. తెలుగువాడు గనుక యింకొక పది తగ్గించుకొనుమని యెవరైన చెప్పిరా? అల్లూరి రూపాయకు, ముంబయి రూపాయకు బరువు సమానమైనప్పుడు వడ్డనలో తేడా యెందులకు? చందా కట్టు ప్రతివాడును ఈ ప్రశ్నను కంపెనీవారి చిరునామాకు తెలుగులోనే వ్రాసి పంపవలెను. మన ‘ఆహా’, ఈటీవీ విన్ సంస్థలకు గూడ వ్రాయవలెను. వారికి వ్రాయుట మరింత అవసరము, వారు మన మాట చదువగలరు. పఠనమందిరముల కార్యదర్శులకు మా మనవి యొకటి. ఇకమీద ఏ కంపెనీ యైనను సంవత్సరపు పట్టిక ప్రకటించిననాడు, అందు మొత్తము సిరీసులెన్ని, తెలుగున పుట్టినవెన్ని, తెలుగులోనికి డబ్బింగు చేసినవెన్ని, మారురూపులెన్ని యని నాలుగంకెలను పలకమీద వ్రాసి, పత్రికల బల్లకు ఎదురుగ వ్రేలాడదీయుడు.