తలుపులు మూశాక కూడా విమానం కదలదేం? రన్‌వే క్యూలో ఎవరు ముందో తేల్చేదెవరు?

సీటు బెల్టు పెట్టుకున్నారు. తలుపులు మూశారు. అరగంటైనా విమానం కదల్లేదు. ‘ఏటీసీ క్లియరెన్స్ కోసం చూస్తున్నాం’ అని కాక్‌పిట్ నుంచి ప్రకటన వచ్చింది. ఇంకోసారి, దిగాల్సిన ఊరు కిటికీలోంచి కనిపిస్తున్నా విమానం పైనే చక్కర్లు కొట్టింది. తరచూ ప్రయాణించేవారికి ఇవి కొత్త కాదు. మరి ఏ విమానం ముందు, ఏది తర్వాత అన్నది ఎవరు, ఎలా నిర్ణయిస్తారు?

ఈ పని ఎవరిది?

మన దేశంలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, అంటే ఏటీసీ, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా బాధ్యత. శంషాబాద్ విమానాశ్రయాన్ని జీఎంఆర్ నడుపుతున్నా, అక్కడి టవర్‌లో కూర్చునేది ఈ అథారిటీ ఉద్యోగులే. విశాఖపట్నం సంగతి వేరు. అది నౌకాదళం ఎయిర్‌ఫీల్డ్ కాబట్టి అక్కడ ఏటీసీ కూడా నేవీదే. భోగాపురంలో కొత్త విమానాశ్రయం తలపెట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఒకే కంట్రోలర్ మొత్తం చూడరు. గేటు నుంచి రన్‌వే అంచు దాకా గ్రౌండ్ కంట్రోల్, రన్‌వే మీద టవర్, విమానాశ్రయం చుట్టూ ఉన్న ఆకాశంలో అప్రోచ్ కంట్రోల్, ఊరికీ ఊరికీ మధ్య ఏరియా కంట్రోల్ పనిచేస్తాయి. మీ విమానాన్ని ఒకరు ఇంకొకరికి అప్పగిస్తూ పోతారు.

దిగే విమానానికే ముందు ఛాన్స్ ఎందుకు?

ముందు వచ్చినవారికి ముందు అన్నది మూల సూత్రం. అయితే నేల మీదున్న విమానం ఆగగలదు, గాలిలో ఉన్నది ఆగలేదు. దాని ఇంధనం కరిగిపోతూనే ఉంటుంది. అందుకే సాధారణంగా దిగేవాటికే ప్రాధాన్యం ఇస్తారు. పైలట్ ‘మేడే’ అని ప్రకటిస్తే క్యూ మొత్తం పక్కకు తప్పుకోవాల్సిందే. రోగులను తీసుకెళ్లే ఎయిర్ అంబులెన్సులకూ, వీవీఐపీ విమానాలకూ ప్రాధాన్యం ఉంటుంది.

రెండు విమానాల మధ్య ఎంత దూరం ఉండాలి?

అప్రోచ్ రాడార్ పరిధిలో మామూలుగా కనీసం 3 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 5.5 కిలోమీటర్లు. లేదా ఎత్తులో 1,000 అడుగుల తేడా.

దీనికి తోడు ముందున్న విమానం బరువు చూస్తారు. ప్రతి విమానం రెక్కల చివర్ల నుంచి గాలి సుడులు వెలువడతాయి. పెద్ద విమానం వెనకే చిన్నది వస్తే ఆ సుడుల్లో అదుపు తప్పే ప్రమాదం ఉంది. అందుకే బోయింగ్ 777 లాంటి భారీ విమానం వెనక ఎయిర్‌బస్ ఏ320 దిగాలంటే 5 నాటికల్ మైళ్ల ఖాళీ కావాలి. గంటకు 260 కిలోమీటర్ల వేగంతో దిగే విమానానికి అది రెండు నిమిషాలకు పైనే. టేకాఫ్‌లోనూ అలాంటి జంట మధ్య కనీసం రెండు నిమిషాలు ఆగాలి.

వరసలో ఏది ఎక్కడుందన్నది ఇక్కడే ముఖ్యమవుతుంది. భారీ, చిన్న, భారీ, చిన్న అని కలగాపులగంగా వస్తే ప్రతిసారీ పెద్ద ఖాళీ వదలాలి. ఒకే రకం విమానాలు వెంట వెంటనే వస్తే అదే గంటలో ఇంకొన్ని దిగుతాయి. ఈ వరస కుదర్చడానికి కంట్రోలర్ ఒక విమానాన్ని వేగం తగ్గించమంటారు, ఇంకోదాన్ని కాస్త చుట్టు తిప్పి తెస్తారు. అయినా కుదరకపోతే అండాకారంలో చక్కర్లు కొట్టిస్తారు. మధ్యలో టేకాఫ్‌లు పట్టేలా కొన్ని ఖాళీలు కావాలనే పెంచుతారు.

మరి నేల మీదే ఎందుకు ఆపేస్తారు?

ఢిల్లీలో పొగమంచు కమ్మితే అక్కడ గంటకు దిగగలిగే విమానాల సంఖ్య పడిపోతుంది. హైదరాబాద్‌లో బయల్దేరి అక్కడ చక్కర్లు కొట్టడం కంటే, ఇక్కడే ఇంజిన్లు ఆపి కూర్చోవడం మేలు. ఇంధనం మిగులుతుంది, ఆకాశంలో రద్దీ తగ్గుతుంది. అందుకే అలాంటప్పుడు టేకాఫ్‌కు ఒక సమయం లెక్కకట్టి ఇస్తారు. ఇక్కడ ఎండ కాస్తున్నా మీ విమానం కదలకపోవడానికి కారణం అదే కావచ్చు.

క్యూ తప్పితే?

ముంబైలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి. కాబట్టి మామూలుగా ఒకసారికి ఒక్కదాన్నే వాడతారు. 2024 జూన్ 8న అక్కడ తిరువనంతపురం వెళ్లే విమానం ఇంకా టేకాఫ్ పరుగులో ఉండగానే, ఇండోర్ నుంచి వచ్చిన విమానం అదే రన్‌వేపై దిగింది. ప్రమాదం తప్పింది. డీజీసీఏ దర్యాప్తు మొదలుపెట్టి, కంట్రోలర్‌ను విధుల నుంచి తప్పించింది.

2025 నవంబరులో ఢిల్లీలో ఫ్లైట్ ప్లాన్ల సందేశాలను చేరవేసే కంప్యూటర్ వ్యవస్థ పాడైంది. కంట్రోలర్లు ఆ పనిని చేతితో చేయాల్సి రావడంతో 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. అంతకు మూడు నెలల ముందే, ఆగస్టులో, కంట్రోలర్ల కొరతనూ వారి అలసటనూ ఎత్తిచూపుతూ పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. విమానాలూ, టెర్మినళ్లూ పెరిగినంత వేగంగా ఆ కుర్చీల్లో కూర్చునేవారు పెరగకపోతే, భారమంతా ఉన్నవాళ్ల మీదే పడుతుంది.

ప్రయాణికులుగా మీకేం తెలియాలి?

టికెట్ మీదున్నది విమానం గేటు నుంచి కదిలే సమయం, గాల్లోకి లేచే సమయం కాదు. చివరి క్షణంలో ల్యాండింగ్ ఆపి మళ్లీ పైకి లేచినా కంగారు పడక్కర్లేదు. ముందు విమానం రన్‌వే ఖాళీ చేయనప్పుడు సురక్షితంగా చేయాల్సిన పని అదే.

ఇంకో విషయం. ఏటీసీ కారణంగా జరిగిన ఆలస్యానికి విమాన సంస్థ పరిహారం చెల్లించాల్సిన పనిలేదని డీజీసీఏ నిబంధనలు చెబుతున్నాయి. సిబ్బంది రాకపోవడమో, ముందటి ట్రిప్పు ఆలస్యం కావడమో అసలు కారణమైతే లెక్క వేరు. కాబట్టి ‘ఏటీసీ’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా, కారణమేంటో వివరంగా అడగండి. వీలైతే మెసేజ్‌గానో ఈమెయిల్‌గానో తీసుకోండి. తర్వాత ఫిర్యాదు చేయాల్సి వస్తే మీ చేతిలో ఉండే ఆధారం అదే.