అయిదు వాక్యాల ఉత్తరం

పరిశోధకుని గొప్ప ఎంతో తేల్చడానికి ఒక తూనికరాయి ఉన్నది. అతని వ్యాసాన్ని తక్కినవారు తమ వ్యాసాలలో ఎన్నిసార్లు పేర్కొన్నారన్నదే ఆ రాయి. "ఫలానావారు ఈ సంగతి తేల్చారు" అని ఎవరైనా వ్రాస్తే ఆ ఫలానావారి ఖాతాలో ఒక అంకె పడుతుంది. యూజీన్ గార్ఫీల్డ్ అనే అమెరికా పెద్దమనిషి 1964లో ఈ ఖాతాలను పుస్తకంగా అచ్చువేయసాగాడు. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు దాన్నుంచి మరొక లెక్క కట్టాడు. పదేసిసార్లయినా పేర్కొనబడిన వ్యాసాలు పది ఉంటే ఆ మనిషి అంకె పది అన్నమాట. డాక్టరేటు చేస్తున్న మన పిల్లల నోట ఈ అంకె మాట తరచు వినిపిస్తూనే ఉంటుంది.

అయితే పేర్కొన్నవారంతా చదివే పేర్కొన్నారా? ఈ ప్రశ్నకు నొప్పుల వైద్యంలో ఒక గట్టి సమాధానం దొరుకుతుంది.

1980 జనవరి 10న అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో ఒక ఉత్తరం పడింది. బోస్టన్‌కు చెందిన జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్ అనేవారు వ్రాశారు. మొత్తం అయిదే వాక్యాలు. ఆసుపత్రులలో ఉన్న రోగులలో 11,882 మందికి నల్లమందు జాతి మందులు ఒక్కసారయినా ఇచ్చారనీ, లోగడ ఆ అలవాటు లేనివారిలో నలుగురు మాత్రమే వాటికి వ్యసనపడినట్టు చెప్పుకోదగిన ఆధారం ఉన్నదనీ దాని సారాంశం. మందు ఎంత ఇచ్చారో, ఎన్నాళ్లిచ్చారో అందులో లేదు. ఇంటికి పోయి నెలల తరబడి మాత్రలు మింగేవారి ప్రసక్తి అసలే లేదు. వ్రాసినవారు అబద్ధమాడలేదు. తాము చూచినంత చెప్పి ఊరుకున్నారు.

ఆ రోజులలో అలాంటి ఉత్తరాలను ఇతరులు పేర్కొనడం సుమారు పదకొండు సార్లు. ఈ ఉత్తరాన్ని మాత్రం 2017 నాటికి 608 సార్లు పేర్కొన్నారు!

ఇందుకు మంచి మనస్సు కూడా కొంత కారణమని చెప్పాలి. వ్యసనమవుతుందన్న భయంతో కేన్సరు రోగులకు సయితం మార్ఫీను చాలినంత ఇవ్వని కాలమది. రోనల్డ్ మెల్జాక్ అనే కెనడా శాస్త్రజ్ఞుడు ఈ అన్యాయం చూచి కలతపడినవాడు. ఆయన సామాన్యుడు కాడు. కాలికి దెబ్బ తగిలితే మనం వెంటనే రుద్దుకుంటాం గదా, రుద్దితే ఎందుకు ఉపశమిస్తుంది? వెన్నుపాములో ద్వారం వంటిది ఉన్నదనీ, స్పర్శ ఆ తలుపును కొంత మూసి నొప్పిని అడ్డగిస్తుందనీ 1965లో ఆయనా, పాట్రిక్ వాలూ కలిసి చెప్పారు. వివరాలలో కొన్ని తరువాత నిలవకపోయినా, ఆ ఊహ శాస్త్రాన్నే మార్చింది. రోగులు నొప్పిని ఏ మాటలతో చెప్పుకుంటారో ఏరి, 1975లో ఒక ప్రశ్నావళి కూర్చినవాడూ ఆయనే. (సలుపు, పోటు, తీపు, మంట, పీకుడు అని వేరువేరుగా చెప్పగల మన అమ్మమ్మలకు ఇది వింతగా తోచదు.) ఆయన ఖాతాలోని అంకెలు కష్టార్జితమే. అంతటివాడు కూడా 1990లో ఒక ప్రసిద్ధ విజ్ఞాన పత్రికలో ఆ అయిదు వాక్యాల ఉత్తరాన్ని విస్తృత పరిశోధనగా పేర్కొన్నాడు. పెద్దలు అన్నాక ఇక గొర్రెదాటే. 2001లో టైమ్ పత్రిక అది చరిత్రాత్మకమన్నది.

ఈలోగా 1996లో పర్డ్యూ అనే మందుల కంపెనీ ఆక్సీకాంటిన్ అనే నొప్పిమాత్ర బజారులో పెట్టింది. వ్యసనమవడం బహు అరుదని దాని మనుషులు డాక్టర్లకు నచ్చజెప్పారు. ఆ మాత్ర విషయమై తప్పుడు ప్రచారం చేసినట్టు కంపెనీ 2007లో కోర్టులో ఒప్పుకున్నది. 1999 నుంచి 2017 దాకా ఆ దేశంలో ఈ జాతి మందులు మోతాదు మించి చనిపోయినవారు దాదాపు నాలుగు లక్షలు. దొంగతనంగా అమ్మినవీ ఇందులో చేరతాయి. ఇదంతా ఒక్క ఉత్తరం నెత్తిన రుద్దడం న్యాయం కాదు. కాని భయం పోగొట్టడానికి అది పదేపదే పనికివచ్చిన మాట నిజం.

చివరకు 2017లో కెనడాలోని కొందరు డాక్టర్లు ఓపికగా కూర్చుని ఆ 608 ప్రస్తావనలనూ చదివారు. నూటికి 72 మంది, వ్యసనం అరుదనడానికి దానినే సాక్ష్యంగా చూపారు. అది ఆసుపత్రిలో ఉన్న రోగుల సంగతి అన్న ముక్కను నూటికి 81 మంది వ్రాయనేలేదు. అయిదు వాక్యాలు చదవడానికి ఒక నిమిషమైనా పట్టదే!

తన ఉత్తరాన్ని కంపెనీలు వాడుకున్న తీరుకు జిక్ ఎంతో బాధపడ్డాడు. పత్రికవారు ఆ పాత ఉత్తరానికి ఒక హెచ్చరిక తగిలించారు. దానివల్ల జరిగిన అనర్థాన్ని ఎత్తిచూపేవారు కూడా దాన్ని పేర్కొనక తప్పదు గనుక, ఖాతాలో దాని అంకె 608 దగ్గర ఆగలేదు.