అర పాయింటు దూరంలో

ఓడినవాణ్ణి ఓడాడంటాం. ఓడకుండానే కిరీటం పోగొట్టుకున్నవాణ్ణి ఏమనాలి? చదరంగం ఆటగాడు డేవిడ్ బ్రాన్‌స్టీన్ పేరు వచ్చినప్పుడల్లా నాకు ఇదే తికమక.

1951లో మాస్కోలో ప్రపంచ ఛాంపియన్ బొత్విన్నిక్‌తో ఆయనకు 24 ఆటల పోటీ. అప్పటికి బ్రాన్‌స్టీన్ వయసు 27. ఆరో ఆట చివర గుర్రంతో షా చెబితే చాలు, ఆట సమం. మహానుభావుడు ముప్పావుగంట బల్లకేసి చూస్తూ కూచున్నాడు. కూచుని కూచుని రాజును జరిపాడు! ఆట కాస్తా పోయింది. మా ఇంట్లో పిల్లలైతే ఎత్తు వెనక్కి తీసుకుంటామని పేచీ పెడతారు. అక్కడ ఆ పప్పులుడకవు.

అయినా ఆయన కుంగిపోలేదు. 22 ఆటలు ముగిసేసరికి ఒక పాయింటు ముందున్నాడు. మిగిలిన రెండాటల్లో ఒక్క పాయింటు వస్తే కిరీటం ఆయనదే. 23వ ఆటలో బొత్విన్నిక్ రెండు శకటాలూ కలిసి ఈయన రెండు గుర్రాలకూ ఊపిరాడనివ్వలేదు. చివరి ఆట సమం. మొత్తం 12-12. గెలుపులు చెరి అయిదు. సమమైతే కిరీటం పాతవాడి దగ్గరే ఉండాలని నిబంధన.

పాతవాణ్ణి దించాలంటే గెలిచి తీరాలిగా అంటాడు నా మిత్రుడొకడు. నిజమే. నాకు మాత్రం మింగుడుపడదు.

మళ్ళీ ఆ అవకాశం ఆయనకు రాలేదు. 1953లో జ్యూరిచ్ పోటీలో రెండో స్థానాన్ని మరి ఇద్దరితో పంచుకున్నాడు. గెలిచింది స్మిస్లోవ్. కాని ఆ పోటీ ఆటలను వివరిస్తూ బ్రాన్‌స్టీన్ రాసిన పుస్తకాన్ని చదరంగం నేర్చేవాళ్ళు ఇప్పటికీ ముందు పెట్టుకు కూచుంటారు.