సర్వర్‌కు ముందు చిరునామా కావాలి

మన కాలేజీల్లో ఫైల్ సర్వర్ అంటే చాలావరకు ఒకటే కథ. ల్యాబులో పక్కన పడేసిన పాత డెస్క్‌టాప్, అందులో రెండు మూడు హార్డ్‌డిస్కులు, పైన ట్రూనాస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్. ఒక సాయంత్రంలో పని అయిపోతుంది. ఫైనలియర్ వాళ్ల ప్రాజెక్టు రిపోర్టులు, ఫెస్ట్ వీడియోలు, మనలాంటి క్లబ్బుల పాత సంచికలు అన్నీ అందులోకి చేరతాయి. ఏడాది తిరిగేసరికి పెట్టిన సీనియర్లు ఉద్యోగాలకు వెళ్లిపోతారు. పెట్టె మాత్రం మూలన వెలుగుతూనే ఉంటుంది. దాని చిరునామా ఎవరికీ తెలియదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. మనం డిస్కుల మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా మొదటి నెట్‌వర్క్ సెట్టింగుల మీద పెట్టం. ఎన్ని టెరాబైట్లు, ఏ రెయిడ్ అని గంటలు గంటలు వాదించుకుంటాం. ఐపీ దగ్గరకొచ్చేసరికి "ఏదో ఒకటి వచ్చిందిగా, పని చేస్తోందిగా" అని లేచిపోతాం. కానీ తర్వాత వచ్చే బ్యాచ్‌కి ఆ ఫైళ్లు దొరుకుతాయా లేదా అన్నది తేలేది ఆ పది నిమిషాల పనిలోనే.

ఆ "ఏదో ఒకటి" ఎక్కడి నుంచి వచ్చింది? ట్రూనాస్ మొదటిసారి బూట్ అయినప్పుడు నెట్‌వర్క్‌లోని డీహెచ్‌సీపీ సర్వర్‌ని అడిగి ఒక చిరునామా తెచ్చుకుంటుంది. దాన్నే మానిటర్ మీద చూపిస్తుంది. అది సొంతిల్లు కాదు, అద్దిల్లు. సాంకేతికంగా కూడా దాని పేరు లీజే. మామూలుగా మళ్లీ మళ్లీ అదే నంబరు వస్తుంది కాబట్టి నెలల తరబడి తేడా తెలియదు. వేసవి సెలవుల్లో ల్యాబు మెయిన్ ఆపేసి, కాలేజీ తెరిచాక ఆన్ చేశామనుకోండి. అప్పటికి ఆ నంబరు ఎవరి ల్యాప్‌టాప్‌కో వెళ్లిపోయి ఉండొచ్చు. సర్వర్‌కి కొత్త నంబరు వస్తుంది. అందరి కంప్యూటర్లలో మ్యాప్ చేసుకున్న డ్రైవు మీద ఎర్ర గుర్తు పడుతుంది. ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి, దారే పోయింది.

"అయితే స్టాటిక్ ఐపీ ఇచ్చేస్తే సరి" అంటారు మనవాళ్లు. సరే, కానీ ఏ నంబరు ఇస్తారు? పింగ్ కొట్టి, జవాబు రాని నంబరు చూసి అదే వేసేయడం మన అలవాటు. ఆ నంబరు డీహెచ్‌సీపీ పంచే వరుసలోనే ఉంటే, రేపు దాన్నే ఇంకొకరికి ఇచ్చే ప్రమాదం ఉంది. అప్పుడు ఒకే నంబరుతో ఇద్దరు తయారవుతారు. సర్వర్ కాసేపు కనపడుతుంది, కాసేపు కనపడదు. ఇలాంటి జబ్బుకి కారణం కనిపెట్టడానికి వారం పట్టినా ఆశ్చర్యం లేదు. నెట్‌వర్క్ చూసే సార్ దగ్గరకెళ్లి "ఈ పెట్టెకి ఒక నంబరు కేటాయించండి" అని అడగడానికి ఐదు నిమిషాలు చాలు. అడగడం నామోషీ కాదు.

నంబరుతోపాటు సబ్‌నెట్ మాస్క్ కూడా అడగాలి. అన్నిచోట్లా 255.255.255.0 అని వేళ్లకు అలవాటైపోయింది. కాలేజీ నెట్‌వర్క్ 10.20.4.0/22 అనుకుందాం. అంటే 10.20.4 నుంచి 10.20.7 వరకు అంతా ఒకే వీధి. సర్వర్‌కి 10.20.4.15 ఇచ్చి మాస్క్ /24 పెడితే, 10.20.6.40లో ఉన్న కంప్యూటర్ తన వీధిలోదే అయినా అది పొరుగూరిదని సర్వర్ అనుకుంటుంది. జవాబుని గేట్‌వేకి పంపాలని చూస్తుంది. గేట్‌వే గడి కూడా ఖాళీగా వదిలేశారా, ఆ జవాబు ఎక్కడికీ పోదు. పక్క బెంచీలో బ్రహ్మాండంగా పనిచేసే సర్వర్ మూడో అంతస్తులో అసలు కనపడకపోవడానికి ఇలాంటి చిన్న అంకె చాలు. డీఎన్‌ఎస్ గడి కూడా అంతే. అది ఖాళీ అయితే లోపల ఫైళ్లు తెరుచుకుంటూనే ఉంటాయి. అప్‌డేట్లు రావు, గడియారం సరిదిద్దుకోదు, డిస్కు పాడవుతోందని చెప్పాల్సిన ఈమెయిల్ బయటికి పోదు. డిస్కు నిజంగా పోయిన రోజునే మనకి తెలుస్తుంది.

ఇదంతా చాదస్తం అనేవాళ్ల వాదన కూడా వినాలి. "పేరుతో వెతుక్కోవచ్చు కదా, నంబరు ఎందుకు?" అంటారు. నిజమే, డాట్ లోకల్ పేర్లు సౌకర్యమే. కానీ ఆ పద్ధతి ఒక వీధి వరకే. హాస్టల్‌ది ఒక సబ్‌నెట్, ల్యాబుది ఇంకొకటి అయితే, ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే తప్ప ఆ పిలుపు అవతలికి వినపడదు. పైగా ట్రూనాస్ పేరు మార్చకపోతే దాని పేరు ట్రూనాసే. పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లూ అలాగే వదిలేస్తే ఒకే పేరుతో ఇద్దరు. ఇంకొందరు "మ్యాక్ అడ్రస్ ఇచ్చి డీహెచ్‌సీపీలోనే రిజర్వ్ చేయిస్తే చాలు" అంటారు. అది మంచి మార్గమే, నాకు అభ్యంతరం లేదు. మదర్‌బోర్డు మార్చిన రోజు మ్యాక్ కూడా మారుతుందని ఎవరో ఒకరికి గుర్తుండాలి, అంతే. ఏ దారి ఎంచుకున్నా ఎంచుకుని చేయాలన్నదే నా మాట.

అసలు భయం ఇంకొకటుంది. హాస్టల్ నుంచో ఇంటి నుంచో ఫైళ్లు కావాలని రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టేయడం. 10తో, 192.168తో మొదలయ్యే నంబర్లు, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి లోపలి వాడకానికే అని 1996లోనే ఆర్‌ఎఫ్‌సీ 1918 రాసిపెట్టింది. బయటివాళ్లు వాటికి నేరుగా రాలేరు. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఆ గోడకి మన చేత్తో మనమే కన్నం పెట్టడం. 2017 మేలో వన్నాక్రై ప్రపంచమంతా పాకింది ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీలోని లోపం పట్టుకునే. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది విండోస్ యంత్రాల గొడవ, మనకెందుకులే అనుకోనక్కర్లేదు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టిన క్యూనాప్ స్టోరేజ్ పెట్టెల మీదే పడింది. పోర్ట్ ఫార్వర్డింగ్ తీసేయండని ఆ కంపెనీయే వాడకందార్లకి చెప్పాల్సి వచ్చింది. బయటి నుంచి కావాలంటే వీపీఎన్ పెట్టమని అడుగుదాం. అది వచ్చేదాకా పెన్‌డ్రైవే నయం.

ట్రూనాస్‌లో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. నెట్‌వర్క్ సెట్టింగ్ మార్చాక అది వెంటనే నమ్మేయదు. పరీక్షించమంటుంది. మామూలుగా 60 సెకన్లు టైమిస్తుంది. ఆ లోపు కొత్త చిరునామాలో లాగిన్ అయ్యి "సరే" అనకపోతే పాత సెట్టింగులకి వెనక్కి వెళ్లిపోతుంది. మనిషి తొందరపడతాడని ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకి తెలుసు. అయితే అది ఇవాళ్టి మనల్నే కాపాడగలదు. మూడేళ్ల తర్వాత వచ్చే జూనియర్‌ని కాపాడాల్సింది మనం.

అందుకు ఖర్చేమీ లేదు, ఒక కాగితం చాలు. సర్వర్ పేరు, ఐపీ, మాస్క్, గేట్‌వే, డీఎన్‌ఎస్, ఆ నంబరు కేటాయించింది ఎవరు, ఏ తేదీన. ఈ వివరాలు రాసి పెట్టె మీద అతికించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం దాని మీద రాయొద్దు. కవర్లో పెట్టి హెచ్‌ఓడీ గారి దగ్గర ఉంచండి. సెట్టింగులు చేసేటప్పుడు పక్కన ఒక సెకండియర్‌ని కూర్చోబెట్టుకుని, కీబోర్డు వాళ్ల చేతికే ఇవ్వండి. ఈసారి ఏ డిపార్ట్‌మెంట్‌లోనైనా "సర్వర్ రెడీ" అని గ్రూపులో మెసేజ్ పెడితే, ఎన్ని టీబీ అని అడక్కండి. కాగితం అతికించారా అని అడగండి.