పాత ఫైలు... కొత్త తేదీ!

ఉద్యోగ విరమణ చేసిన ఓ పెద్దాయన అపార్ట్‌మెంటు సంఘం లెక్కలు చూస్తున్నారనుకోండి. ఆయన వాడేది నెట్ కనెక్షన్ లేని పాత డెస్క్‌టాప్. అబ్బాయి కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు. రెండింటినీ ఇంట్లోని రౌటర్‌కు కలిపి, 'ఏది కొత్త ఫైలైతే దాన్నే రెండు చోట్లా ఉంచు' అని సింక్ సాఫ్ట్‌వేర్‌కు చెప్పి పడుకున్నాడు. తెల్లారి చూస్తే నెల రోజుల లెక్కలు మాయం! రాత్రి పదింటిదాకా కూర్చుని ఎక్కించిన నీళ్ల ట్యాంకర్ల బిల్లులు, వాచ్‌మన్ జీతం, లిఫ్ట్ రిపేరు ఖర్చు... ఏవీ లేవు. పాపం, పెద్దాయన రసీదు పుస్తకం ముందేసుకుని మళ్లీ మొదటినుంచీ రాసుకోవాల్సిందే.

ఇది వైరస్ పని కాదు. ఎవరూ డిలీట్ చేయనూ లేదు. డెస్క్‌టాప్‌లో గడియారం ఇంకా 2015లోనే ఆగి ఉంది. అందుకే రాత్రి సేవ్ చేసిన ఫైలు మీద 2015 తేదీ పడింది. నెల కిందట పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, ల్యాప్‌టాప్‌లో తెరిచి ఓసారి సేవ్ చేసిన పాత కాపీకేమో సరైన తేదీ ఉంది. సాఫ్ట్‌వేర్‌కు లెక్కలు తెలియవు, తేదీలే తెలుసు. పాతదాన్ని కొత్తదనుకుని, అసలైన కొత్తదాని మీద రాసేసింది.

ఫైలు తేదీ ఫైలు లోపల ఉండదు. పేరు, సైజులతోపాటు డిస్కు దాన్ని విడిగా రాసి పెట్టుకుంటుంది. ఉత్తరం కవరు మీద పోస్టాఫీసు ముద్రలాంటిదన్నమాట. ముద్ర వేసేచోట తేదీ తప్పుగా ఉంటే లోపలి ఉత్తరం ఏం చేయగలదు?

పైగా ఈ ముద్ర ఒకటి కాదు. విండోస్‌లో 'డేట్ క్రియేటెడ్', 'డేట్ మాడిఫైడ్' వేర్వేరు. ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి ఫైలు కాపీ చేస్తే మాడిఫైడ్ తేదీ మామూలుగా పాతదే ఉంటుంది. క్రియేటెడ్ మాత్రం ఆ కాపీ కొత్తచోట పుట్టిన క్షణం. అందుకే 2012లో రాసిన ఫైలును ఇవాళ కాపీ చేస్తే, పుట్టకముందే మారినట్టు కనిపిస్తుంది. చూడ్డానికి విడ్డూరమే కానీ, తప్పు కాదు. ఫోల్డర్‌లో 'డిటెయిల్స్' వ్యూ పెట్టి, పైనున్న శీర్షికల వరస మీద రైట్ క్లిక్ చేస్తే రెండు తేదీలనూ పక్కపక్కనే చూడొచ్చు. సగం కంగారు అక్కడే తగ్గిపోతుంది.

మరి మాడిఫైడ్ తేదీ కూడా తప్పుగా ఉంటే? ఎంత తేడా ఉందో చూడండి. జబ్బేమిటో ఆ తేడాయే చెబుతుంది.

సంవత్సరాల తేడా ఉంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే బ్యాటరీ అయిపోయిందేమో చూడాలి. ఎక్కువ కంప్యూటర్లలో ఉండేది సీఆర్2032 రకం. అది చచ్చిపోతే, కరెంటు తీసిన ప్రతిసారీ గడియారం ఎప్పటిదో పాత తేదీకి వెళ్లిపోతుంది. అలాంటి కంప్యూటర్‌లో బ్యాంకు వెబ్‌సైటు తెరవబోయినా, భద్రత లేదంటూ బ్రౌజర్ అడ్డుపడుతుంది.

సరిగ్గా అయిదున్నర గంటల తేడా ఉంటే టైమ్‌జోన్ గొడవే. నెట్‌వర్క్‌కు తగిలించుకునే హార్డ్‌డిస్కు పెట్టెల్లో ఇది మామూలు. గడియారంలో పది గంటలని మన టైమే పెడతారు. టైమ్‌జోన్ మాత్రం లండన్ వాళ్ల జీఎంటీ దగ్గరే వదిలేస్తారు. నెట్‌వర్క్ మీద ఫైళ్ల సమయాన్ని ఆ ప్రపంచ సమయంలోనే చెప్పుకుంటారు కాబట్టి, మన విండోస్ దానికి అయిదున్నర గంటలు కలిపి చూపిస్తుంది. ఉదయం పదింటికి ఆ పెట్టెలో నేరుగా సేవ్ చేసిన ఫైలు మధ్యాహ్నం మూడున్నరదిగా కనిపిస్తుంది! ఆ పెట్టె సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ మార్చి, ఆ తర్వాతే గంటలు చూసుకోవాలి. విండోస్‌లోనూ టైమ్‌జోన్ సరిచూడండి. ఆ జాబితాలో హైదరాబాద్ కోసం వెతక్కండి, ఉండదు. చెన్నై, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ అని ఉన్నదే మనదీ.

రెండు సెకన్ల తేడాకూ కారణం ఉంది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లు మాడిఫైడ్ సమయాన్ని రెండేసి సెకన్ల లెక్కనే రాసుకుంటాయి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఆ కాస్త తేడాకే ఫైళ్లన్నీ మారాయనుకుని మళ్లీ కాపీ మొదలెట్టొచ్చు. ఈ పెన్‌డ్రైవ్‌లు టైమ్‌జోన్‌నూ పట్టించుకోవు. డాలస్‌లో అమ్మాయి రాత్రి ఎనిమిదింటికి సేవ్ చేసింది గుంటూరులో తెరిచినా ఎనిమిదే చూపిస్తాయి.

కాబట్టి కాపీ మొదలెట్టేముందు రెండు కంప్యూటర్ల గడియారాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. విండోస్ 11లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, డేట్ అండ్ టైమ్‌లోకి వెళ్లి 'సింక్ నౌ' నొక్కితే నెట్ నుంచి సరైన సమయం తెచ్చుకుంటుంది. గడియారం మరీ వెనకబడి ఉంటే ఇది ఒక్కోసారి కుదరదు. ముందు చేత్తో తేదీ సరిచేసి, అప్పుడు నొక్కండి. అయితే ఒకటి: గడియారం సరిచేసినంత మాత్రాన ముందే పడ్డ తప్పు తేదీలు మారవు. అందుకే మొదటిసారి సింక్ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించకుండా, ల్యాప్‌టాప్‌లో 'డెస్క్‌టాప్ నుంచి' అని కొత్త ఫోల్డర్ తెరిచి అందులోకి కాపీ చేయడమే మేలు. ఏది దేని మీదా పడదు.

క్రియేటెడ్ తేదీ కూడా మారకూడదంటే విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ వాడుకోవచ్చు. కమాండ్ విండోలో టైప్ చేయడం అలవాటున్నవారికే ఇది. ఫైళ్ల తేదీలను అది తనంతట తానే ఉన్నవి ఉన్నట్టు తెస్తుంది. ఫోల్డర్ల తేదీలూ రావాలంటే స్లాష్, డీకాపీ, కోలన్, డీఏటీ అని చివర చేర్చాలి.

ఇప్పటికే ఫైలు పోగొట్టుకున్నవారు దాని మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో 'ప్రీవియస్ వెర్షన్స్' చూడండి. ఫైల్ హిస్టరీ ముందే ఆన్ చేసి ఉంటే పాత రూపాలు అక్కడ దొరుకుతాయి.

ఫొటోల సంగతి వేరు. అన్నప్రాసన ఫొటోలన్నీ ఇవాళ్టి తేదీకి మారాయని దిగులొద్దు. కెమెరా తీసిన తేదీని ఫొటో లోపలే రాసి ఉంచుతుంది. 'డేట్ టేకెన్' శీర్షికను ఎంచుకుంటే అదే కనిపిస్తుంది. ఎన్ని కంప్యూటర్లు దాటించినా మామూలు కాపీతో అది మారదు. కెమెరాలో తేదీ సరిగ్గా పెట్టారా లేదా అన్నది మాత్రం అప్పుడు ఫొటో తీసినవారినే అడగాలి.