బాప్తిస్మం ఖరీదు

చర్చిని ధిక్కరించిన మార్మికులంటే మన సాహిత్యకారులకి మహా ముచ్చట. ప్రేమలో లయమైన ఆత్మకి పూజలూ ఉపవాసాలూ అక్కర్లేదని రాసినందుకు 1310లో పారిస్‌లో మార్గరీట్ పొరేట్‌ని సజీవంగా కాల్చేశారు. విచారణలో ఆమె నోరే విప్పలేదు.

మనకీ ఒకాయన ఉన్నాడు, కలగర సుబ్బారావు. 1942లో తనకి క్రీస్తు కనబడ్డాడన్నాడు. పాటలు కట్టాడు, పాద్రీలని దులిపేశాడు, బాప్తిస్మం వద్దన్నాడు.

ఇద్దరినీ ఒకే గాటన కడదామా? నా అభ్యంతరం ఇక్కడే. అగ్రకులస్థుడు బాప్తిస్మం వద్దంటే ఇల్లూ కులమూ పదిలంగానే ఉంటాయి. దళితుడు తీసుకుంటే మాత్రం, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యమా అని ఎస్సీ హోదా పోతుంది. మన దగ్గర బీసీ-సీలో పడతాడు. అందుకే ఎల్బీనగర్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆదివారం చర్చిలో పాడేవాళ్ళలో కొందరు సోమవారం అప్లికేషన్‌లో 'హిందూ' అని రాస్తారు. బాప్తిస్మం లేని భక్తి ఒకరికి ధిక్కారం, ఇంకొకరికి గత్యంతరం లేని దాపరికం.

క్రైస్తవం ఆచరిస్తూ, రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024లో సుప్రీంకోర్టు అంది. పొరేట్ మౌనాన్ని వీరత్వమంటాం. వీళ్ళ మౌనాన్ని మోసమంటామా?

క్రీస్తుకీ మనిషికీ మధ్య పాద్రీ ఎందుకన్న సుబ్బారావు ప్రశ్న మంచిదే. కానీ ఆ మధ్యలో కులం సర్టిఫికెట్ ఇచ్చే తహసీల్దారు కూడా ఉన్నాడు. ఆయన్ని దాటే దారి సుబ్బారావు పాటల్లో లేదు. ధిక్కారానికి చప్పట్లు కొట్టేముందు, దాని ఖరీదు ఎవరు కడుతున్నారో చూడండి.