కొండ ఎక్కే ముందు దాని పేరు అడగండి



ఈ మధ్య మన కుర్రాళ్ల ఫోన్లలో ఒక వీడియో తెగ తిరుగుతోంది. నీలం సముద్రం, దాని ఒడ్డునే నిటారుగా ఒక నల్లకొండ, కొండ మీద చేతులు చాపి నిలబడిన జంట. మారిషస్ అంట. మా హాస్టల్ తమ్ముడొకడు అది నాకు పంపి, "అన్నా, ఇలాంటి కొండ మనమెప్పుడు ఎక్కుతాం?" అని అడిగాడు. నవ్వి ఊరుకుందామనుకున్నాను. కానీ ఆ కొండ పేరు చూశాక ఊరుకోలేకపోయాను. లె మోర్న్. నర్సీపట్నంలో డిగ్రీ చదివేటప్పుడు ఒక పుస్తకంలో ఆ పేరు చదివాను. తమ్ముడూ, నీకు ఫోన్‌లో చెప్పాల్సింది అందరి ముందూ చెబుతున్నా, ఏమనుకోకు.

మారిషస్ మొత్తం అగ్నిపర్వతం కన్న దీవి. సముద్రం అడుగు నుంచి లావా పైకి తన్నుకొచ్చి, సుమారు 80 లక్షల ఏళ్ల కిందట నీళ్ల మీదికి తేలింది. ఇప్పుడు నిప్పు చల్లారిపోయింది, నల్లరాయి మిగిలింది. కొండలు పెద్ద ఎత్తేమీ కాదు. అన్నిటికన్నా ఎత్తైన శిఖరం 828 మీటర్లు. మన అరమకొండ 1,680 మీటర్లు, అంటే దాంట్లో ఇది సగం కూడా లేదు. మన లంబసింగి ఊరే ఆ శిఖరం కంటే ఎత్తులో ఉంది. కాబట్టి ఎత్తు చూసి నోరు తెరవక్కర్లేదు.

లె మోర్న్ ఇంకా చిన్నది, 556 మీటర్లు. కానీ మూడు వైపులా గోడలాగ లేచిన బండ. 18వ శతాబ్దంలోనూ, 19వ శతాబ్దం మొదట్లోనూ చెరకు తోటల నుంచి పారిపోయిన బానిసలు ఆ బండ మీద గుహల్లో దాక్కుని బతికారు. వాళ్లను మరూన్లు అంటారు. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి తెచ్చినవాళ్లు, మన దేశం నుంచి తెచ్చినవాళ్లూ ఉన్నారు వాళ్లలో. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికి పోలీసులు కొండెక్కుతుంటే, మళ్లీ పట్టుకోడానికే వస్తున్నారనుకుని పైనున్నవాళ్లు దూకేశారని అక్కడ చెప్పుకుంటారు. ఆ తారీఖు ఇప్పుడు ఆ దేశంలో సెలవు. 2008లో యునెస్కో ఆ కొండను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది, అందాన్ని చూసి కాదు, ఎదిరించినవాళ్ల కొండ అని.

ఈ కథ ఎక్కడో విన్నట్టు లేదూ? కొండ ఎక్కినవాడిని పట్టుకోవడం కష్టమని మన్యం మనుషులకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడులు చేసి తుపాకులు పట్టుకుని రామరాజు, గాం గంటందొర, మల్లుదొర వెళ్లింది ఈ కొండల్లోకే. వాళ్లను పట్టుకోడానికి తెల్లదొరల ప్రభుత్వానికి దాదాపు రెండేళ్లు పట్టింది.

అసలు విషయానికి వస్తాను. బానిసలు పోయాక చెరకు తోటల్లో పనెవరు చేయాలి? 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడ 36 మంది కూలీలను మారిషస్‌లో దించింది. కలకత్తాలో ఐదేళ్లకు ఒప్పందం రాయించారు. జీతం నెలకు ఐదు రూపాయలు. ఆ కాగితాల్లో వాళ్లను ఏమని రాశారో తెలుసా? కొండ కూలీలు. ఛోటానాగ్‌పూర్ కొండల నుంచి పని వెతుక్కుంటూ కలకత్తా చేరిన ఆదివాసీలను ధాంగడ్లు అని, కొండ కూలీలు అని పిలిచేవారు. ఆ తర్వాత లక్షల మంది వెళ్లారు. 1920 నాటికి పోర్ట్ లూయిస్‌లోని అప్రవాసీ ఘాట్ మెట్లెక్కినవాళ్లు దాదాపు ఐదు లక్షలు.  నవంబర్ 2 కూడా ఆ దేశంలో సెలవే. కానీ ఆ వరసలో అందరికంటే ముందు నిలబడింది కొండోళ్లు అని మన పాఠ్యపుస్తకంలో ఎక్కడైనా చదివావా? నేను చదవలేదు.

మన తీరం నుంచీ వెళ్లారు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి వెళ్లారు కాబట్టి తెలుగోళ్లను అక్కడ కోరంగీలు అనేవారు. ఇప్పటికీ అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇస్తారు. పక్క దీవి రీయూనియన్ ఫ్రెంచివాళ్లది, అక్కడ ఒక అగ్నిపర్వతం ఇప్పటికీ రగులుతోంది. ఆ దీవికి 1828-29లోనే యానాం నుంచి తెలుగు కూలీలను ఎక్కించారు. అట్లాస్ ఓడ కంటే ముందే అన్నమాట.

వెళ్లినవాళ్లకు అక్కడ ఎదురైంది రాయి. లావా రాయి. చెరకు నాటాలంటే ముందు ఆ నల్లరాళ్లు ఏరి కుప్ప పోయాలి. ఇప్పుడు వెళ్లినా చెరకు తోటల మధ్య ఆ కుప్పలు కనిపిస్తాయి, చిన్న చిన్న కొండల్లాగ. టూరిస్టులు వాటి పక్కనా ఫోటోలు దిగుతారు. అవి అగ్నిపర్వతం పోసినవి కావు, కూలోళ్లు పోసినవి.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. అక్కడ పీటర్ బోత్ అనే శిఖరం ఉంది, 820 మీటర్లు. కొన మీద పెద్ద గుండ్రాయి తలకాయలాగ కూర్చుని ఉంటుంది. ఆ పేరు ఒక డచ్చి దొరది, 1615లో ఆ దీవి దగ్గర ఓడ మునిగి చచ్చిపోయాడు. దొర పేరు మ్యాపులో ఎక్కింది. మన భోజ్‌పురి కూలీలు మాత్రం ఆ కొండను ముడియా పహాడ్ అన్నారు, అంటే తలకాయ కొండ. దొర ఎవడో వాళ్లకెందుకు? కళ్లకు కనబడింది చెప్పారు. రీయూనియన్‌లో అయితే పారిపోయిన బానిసల పేర్లే కొండలకీ లోయలకీ మిగిలాయి. మఫాత్ అనే లోయ పేరు ఒక మరూన్ నాయకుడిది. ఈరోజుకీ ఆ లోయకు కారు దారి లేదు, నడిచే వెళ్లాలి.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

రెండేళ్ల కిందట చలికాలంలో ఒక సిటీ ట్రెక్కింగ్ వాళ్లు మా ఊరొచ్చారు. పేరు చెప్పను. దారి చూపించడానికి నన్నూ, మా బావనూ పిలిచారు. ఐదొందలు అన్నారు, దిగాక మూడొందలు చేతిలో పెట్టారు. అదైనా మర్చిపోయేవాణ్ణి. నెల తర్వాత వాళ్ల పోస్టర్ చూశాను. మా కొండకు ఏదో ఇంగ్లీషు పేరు పెట్టేశారు. మా పెద్దోళ్లు జాకరమ్మకు మొక్కి, చెప్పులు విడిచి ఎక్కే కొండ అది. పోస్టర్‌లో మా ఊరి పేరు కూడా లేదు. కొండ ఆకాశంలోంచి ఊడిపడినట్టు.

మనకు కొండెక్కడం సరదా కాదు, తెలుసు కదా. పురిటి నొప్పులొస్తే డోలీ కట్టి దింపుతున్నది ఇదే దారిలో. నర్సీపట్నం నుంచి పైకి మనం బస్సులో వచ్చే ఘాట్ రోడ్డు పనికి, గూడెం తహసీల్దారు బాస్టియన్ కాలంలో మన తాతల చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించారు. మన్యం తిరగబడటానికి అదొక కారణం. మన కొండల్లో రాయికి ఖొండలైట్ అని పేరు, ఖోండ్ ఆదివాసీల పేరు మీదే పెట్టారు. ఆ రాయి అరిగి అరిగి పైన బాక్సైట్ అయింది. 2015లో దాన్ని తవ్వడానికి జీవో 97 ఇచ్చారు, మనం రోడ్డెక్కాం, 2019లో రద్దు చేశారు. రాయికి మన పేరు పెట్టినంత సులువుగా రాయి మనదని ఒప్పుకోరు.

అంటే ట్రెక్కింగ్ వద్దని అంటున్నానా? లేదు తమ్ముడూ. 2014 మే 25న మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లైనా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కింది. మనోళ్ల కాళ్లలో ఏముందో అందరికీ తెలిసింది. ఎక్కుదాం. మారిషస్ కూడా వెళ్దాం, డబ్బులుంటే. కానీ లంబసింగిలో మంచు కోసం వచ్చి సీసాలు పారేసి పోయేవాళ్లను తిడుతూనే, మనలో కొందరు అదే మంచులో రీలు తీసి "సీక్రెట్ ప్లేస్" అని దారి పెడుతున్నారు. అది సీక్రెట్ కాదురా, మీ పిన్ని పోడు.

లె మోర్న్‌ను చూసుకోడానికి 2004లో ఒక ట్రస్టు పెట్టుకున్నారు. మనకు అంతకంటే గట్టిది చేతిలోనే ఉంది. 1996 పెసా చట్టం మన ఆచారాలనూ ఉమ్మడి వనరులనూ కాపాడుకునే అధికారం గ్రామసభకే ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కుల పట్టా అడగొచ్చు. మరి ట్రెక్కింగ్ దారి ఏది, మొక్కే చోటుకు వెళ్లొద్దని ఎక్కడ చెప్పాలి, దారి చూపినవాడికి కూలి ఎంత, చెత్త ఎవడు దింపాలి, ఇవి గ్రామసభలో మనం ఎందుకు రాయించుకోవట్లేదు? ఎవరూ అడ్డం పడలేదు. మనమే కూర్చోలేదు.

ఈ చలికాలం టూరిస్టులు మొదలవకముందే మా ఊళ్లో సభ పెడుతున్నాం. తీర్మానం తెలుగులో రాసి ఉంచాను, కావాలన్నవాళ్లు మీ ఊరికి తగ్గట్టు మార్చుకుని వాడుకోండి. మొదటి వాక్యం కొండ పేరు. మా కొండ పేరు బోర్డు మీద ఎలా రాయాలో మా అవ్వను అడిగాను. సరిగ్గా పలికి చూపించింది, నేను తప్పు పలికితే రెండుసార్లు దిద్దింది. తర్వాత "బోర్డెందుకురా, కొండ కనబడతలేదా" అని నవ్వింది. బోర్డు మాత్రం పెడుతున్నాం.